వాడేవారిదే తప్పా?

పిల్లలూ! ముందుగా మా బడిలో జరిగిన ఒక సంఘటన చెబుతాను. అందులో తప్పెవరిదో మీరే తేల్చండి.

మా ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. ఆ దరఖాస్తు కాగితం మీద కాదు, వెబ్‌సైట్‌లో నింపాలి. గడువు ఆ సాయంత్రంతో సరి. మా కంప్యూటరు గదిలో కూర్చుని ఆ అమ్మాయి ముప్పావు గంట కష్టపడి పేరు, ఊరు, మార్కులు, బ్యాంకు ఖాతా వివరాలు అన్నీ నింపింది. చివర పేజీ అడుగున రెండు బటన్లు ఉన్నాయి. ఒకటి ‘సబ్‌మిట్’, రెండోది ‘రీసెట్’. రెండూ ఒకే రంగు, ఒకే సైజు, పక్కపక్కనే ఉన్నాయి. అమ్మాయి చేయి రెండోదాని మీద పడింది. అంతే, నింపినదంతా తుడిచిపెట్టుకుపోయింది.

నేను గడియారం చూసుకుని, “కళ్లెక్కడ పెట్టుకున్నావమ్మాయ్?” అని కసిరాను. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, “తప్పు నాదే మాస్టారూ” అంది. మళ్లీ మొదటినుంచి నింపాం. ఈసారి నేనే దగ్గర కూర్చున్నాను. చివరికి వచ్చేసరికి నా వేలు కూడా ఆ రీసెట్ మీదికే పోబోయి ఆగింది! అప్పుడు నాకు సిగ్గు వేసింది. ముప్పై ఏళ్లుగా సైన్సు చెబుతున్నాను. ఒకే పొరపాటు ఇద్దరు మనుషులు ఒకే చోట చేస్తుంటే కారణం మనుషులలో వెతకాలా, ఆ చోటులో వెతకాలా? ఇది సైన్సు ప్రశ్న. దీనికి జవాబు వెతికినవారి కథే ఈ నెల పాఠం.

విమానం నేర్పిన పాఠం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ‘బి-17’ అనే బాంబర్ విమానాలుండేవి. వాటిలో ఒక వింత ప్రమాదం పదేపదే జరిగేది. విమానం క్షేమంగా నేలమీద దిగేది. దిగిన తరువాత పైలట్ రెక్కలకుండే ఫ్లాపులను పైకి తీయడానికి మీట కదపబోయి, పొరపాటున చక్రాలను లోపలికి ముడిచే మీట కదిపేవాడు. చక్రాలు ముడుచుకోగానే విమానం పొట్టమీద చతికిలబడేది. ప్రతిసారీ “పైలట్ తప్పిదం” అని రాసి కాగితం మూసేసేవారు.

ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విమానం లోపలికి వెళ్లి చూశాడు. ఆ రెండు మీటలూ పక్కపక్కనే ఉన్నాయి, ఆకారం కూడా ఒక్కటే. అలసిపోయిన పైలట్ చేతికి తేడా తెలిసేదెలా? ఆయన పైలట్లను మార్చమనలేదు. చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారపు పిడిని, ఫ్లాపుల మీటకు రెక్క ముక్కలాంటి పిడిని తగిలించాడు. చీకట్లో తడిమినా ఏది ఏదో తెలిసిపోతుంది. నేటికీ విమానాలలో చక్రాల మీట చివర చక్రం బొమ్మ ఉంటుంది.

1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు 460 ‘పైలట్ తప్పిదాలను’ పోగుచేసి పరిశీలించారు. వాటిలో చాలావాటికి పరికరాల అమరికే దారితీసిందని గమనించారు. మనిషి చేయి, కన్ను, జ్ఞాపకం ఎలా పనిచేస్తాయో ముందు తెలుసుకుని, దానికి తగ్గట్టు పరికరాన్ని మలచాలనే శాస్త్రం ఇలా ఎదిగింది. మా అమ్మాయి నొక్కిన రీసెట్ బటనూ, ఆ విమానపు మీటా అన్నదమ్ముల వంటివే కదా!

చేసి చూద్దాం: చేయి ఎంత వేగంగా పోతుంది?

1954లో ఆ ఫిట్స్‌గారే ఒక ముచ్చటైన ప్రయోగం చేశారు. దానిని మీరూ మీ బల్లమీద చేయవచ్చు. కావలసినవి: మూడు తెల్ల కాగితాలు, స్కేలు, పెన్సిలు, సెకన్లు చూపే గడియారం, ఒక స్నేహితుడు.

మొదటి కాగితాన్ని అడ్డంగా పెట్టి, దానిమీద 4 సెం.మీ. వెడల్పు గల రెండు పట్టీలు నిలువుగా గీయండి. ఒకదాని మధ్య నుంచి రెండోదాని మధ్యకు దూరం 16 సెం.మీ. ఉండాలి. రెండో కాగితం మీద దూరం అదే 16 సెం.మీ., కాని పట్టీల వెడల్పు 1 సెం.మీ. మాత్రమే. మూడో కాగితం మీద వెడల్పు 1 సెం.మీ., దూరం 4 సెం.మీ.

ఇప్పుడు పెన్సిలు మొనతో ఒక పట్టీనుంచి మరో పట్టీకి వీలైనంత వేగంగా చుక్కలు పెడుతూ పోండి. స్నేహితుడు 20 సెకన్లు చూసి “ఆపు” అనాలి. పట్టీ దాటిన చుక్కలను వదిలేసి మిగిలినవి లెక్కపెట్టండి. ఒక్కొక్క కాగితం మీద మూడేసిసార్లు చేసి సగటు కట్టండి.

రెండో కాగితం మీద చుక్కలు బాగా తగ్గుతాయి. గురి చిన్నదైతే చేయి నిదానిస్తుందన్నమాట. ఇది మీరు ముందే ఊహించి ఉంటారు. కాని మొదటిదాన్నీ మూడోదాన్నీ పోల్చి చూడండి. కొలతలు వేరైనా చుక్కల సంఖ్య దగ్గరదగ్గరగా వస్తుంది! ఎందుకని? మొదటిదానిలో 16ను 4తో భాగిస్తే 4. మూడోదానిలో 4ను 1తో భాగిస్తే అదీ 4. అంటే చేతికి పట్టే కాలం కేవలం దూరం మీదో, కేవలం వెడల్పు మీదో కాక, ఆ రెండింటి నిష్పత్తి మీద ఆధారపడుతోంది. ఫిట్స్ కనిపెట్టిన సూత్రం ఇదే. ఆ నిష్పత్తి రెట్టింపైనప్పుడల్లా కాలం రెట్టింపు కాదు, దాదాపు ఒకే మోతాదులో పెరుగుతుంది.

ఈ సూత్రం తెలిసినవారు వెబ్ పేజీ ఎలా తయారుచేస్తారు? తరచుగా నొక్కవలసిన బటన్‌ను పెద్దదిగా, చేతికి దగ్గరగా పెడతారు. నొక్కితే నష్టం కలిగించే బటన్‌ను దూరంగా, చిన్నదిగా, వేరే రంగులో పెడతారు. అది నొక్కినా “నిజంగా చెరిపేయమంటారా?” అని ఒకసారి అడుగుతారు. అంతకంటె మంచి పని, అసలు అవసరం లేకపోతే దానిని తీసెయ్యడం.

ఎదురుచూపుకూ కొలత ఉంది

కన్ను, చేయి తరువాత ఓపిక సంగతి. ఏదైనా నొక్కిన తరువాత 0.1 సెకను లోపల ఫలితం కనిపిస్తే “వెంటనే జరిగింది” అనిపిస్తుంది. 1 సెకను వరకు ఆలోచన తెగదు. సుమారు 10 సెకన్లు దాటితే ధ్యాస మరోవైపు పోతుంది. వెబ్ పేజీల పరిశోధకుడు జేకబ్ నీల్సన్ 1993లో ఈ మూడు హద్దులనూ తన పుస్తకంలో వివరించాడు.

ఒక చిన్న లెక్క వేద్దాం. పేజీలో 4 మెగాబైట్ల ఫొటో ఒకటి పెట్టారనుకోండి. ఒక బైటుకు 8 బిట్లు. కనుక అది 32 మెగాబిట్లు. పట్టణంలో సెకనుకు 32 మెగాబిట్ల వేగం ఉంటే ఒక సెకనులో వచ్చేస్తుంది. మన ఊరి చివర పొలంలో సెకనుకు 2 మెగాబిట్లే అందితే? 16 సెకన్లు! ఆ ఫొటోనే 0.2 మెగాబైట్లకు కుదిస్తే 1.6 మెగాబిట్లు, అంటే పొలంలోనూ 0.8 సెకనుకే వస్తుంది. పట్టణంలో మంచి కంప్యూటరు ముందు కూర్చుని పేజీ తయారుచేసేవారికి ఈ తేడా తెలియదు. వాడేవారి దగ్గరికి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

అందరి కళ్లూ ఒకటి కావు, అందరి అక్షరాలూ ఒకటి కావు

ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియనివారు మనలో కొందరుంటారు. “ఎర్రగా ఉన్న గడులు తప్పు, పచ్చగా ఉన్నవి ఒప్పు” అని పేజీలో రాస్తే వారి గతేమిటి? రంగుతోపాటు ఒక గుర్తో, మాటో ఉండాలి. చూపు లేనివారు తెరమీది రాతను గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడతారు. బొమ్మ వెనుక దాని వివరణ మాటల్లో రాసి ఉంచకపోతే వారికి అక్కడ శూన్యమే వినిపిస్తుంది.

ఇక అక్షరాల సంగతి. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే సంఖ్యల పట్టిక ఉండాలని ఏర్పడిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కాని అది అందరికీ అలవాటయ్యేదాకా ఒక్కొక్క తెలుగు వెబ్‌సైట్ తన సొంత ఫాంటు వాడేది. ఆ ఫాంటు మన కంప్యూటరులో లేకపోతే వార్తల బదులు పిచ్చిగీతలు కనిపించేవి. తెలుగు తెలిసినవాడు కూడా తెలుగు చదవలేకపోయేవాడు.

2018 ఫిబ్రవరిలో మరో విడ్డూరం జరిగింది. ఒక ప్రత్యేక పద్ధతిలో కూర్చిన ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం సందేశంలో వస్తే చాలు, ఐఫోన్‌లో సందేశాల అప్లికేషన్లు కుప్పకూలిపోయేవి. మన కంటికి ఒకటిగా కనిపించే ఆ అక్షరం కంప్యూటరుకు ఐదు సంకేతాల వరుస: జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక గుర్తు, దీర్ఘం. ఆ వరుసను తెరమీద అమర్చడంలో సాఫ్ట్‌వేర్ తికమకపడింది. యాపిల్ కంపెనీ ఆ నెలలోనే సవరణ విడుదల చేసింది. ‘జ్ఞానం’లోని మొదటి అక్షరమే యంత్రాన్ని తికమకపెట్టడం తమాషాగా లేదూ! తయారుచేసేవారికి తోచని అక్షరం వాడేవారి నాలుకమీద నిత్యం ఉండవచ్చునని దీనివల్ల తెలుస్తోంది.

ఐదుగురు చాలు

మరి లోపాలను ముందే పట్టుకోవడం ఎలా? చాలా సులువు. పేజీ తయారుకాగానే దానిని ఎన్నడూ చూడనివారిని పిలిచి, “ఈ దరఖాస్తు నింపు” అని చెప్పి, వెనుక నిలబడి మౌనంగా చూడాలి. సాయం చేయకూడదు, కసరకూడదు. ఎక్కడ ఆగారో, ఎక్కడ తప్పు నొక్కారో రాసుకోవాలి.

ఎంతమందిని పిలవాలి? నీల్సన్, లాండవర్ అనే ఇద్దరు 1993లో దీనికి లెక్క కట్టారు. తాము పరిశీలించిన వాటిలో ఒక్కొక్క మనిషి సగటున 31 శాతం లోపాలను బయటపెట్టినట్లు తేలింది. అంటే ఒకరి తరువాత మిగిలేవి 69 శాతం. ఇద్దరి తరువాత 0.69 × 0.69 = 0.476, అంటే 48 శాతం దాకా మిగులుతాయి. ఇలా ఐదుసార్లు 0.69ను గుణిస్తే 0.156 వస్తుంది. అంటే ఐదుగురు చూసేసరికి దాదాపు 84 శాతం లోపాలు దొరికిపోతాయి! ఇది సగటు లెక్క మాత్రమే. పేజీని బట్టి, మనుషులను బట్టి మారుతుంది. అందుకే ఐదుగురితో చూసి, సరిదిద్ది, మళ్లీ వేరే ఐదుగురితో చూడడం మంచిది. ఆ ఐదుగురిలో ఒక అవ్వ, ఒక రైతు, ఒక చిన్న పిల్ల ఉంటే మరీ మంచిది.

దూరాన ఉన్నవారు కలిసి పనిచేయడం

ఇప్పుడు రెండో సంగతి. వెబ్‌సైట్‌ను ఈ రోజుల్లో ఒక్కరే, ఒకే గదిలో కూర్చుని తయారుచేయడం తక్కువ. బొమ్మలు గీసేవారు ఒక ఊర్లో, ప్రోగ్రాము రాసేవారు మరో దేశంలో ఉంటారు. నిజానికి వెబ్ పుట్టిందే ఇటువంటి జట్టుకోసం. జెనీవా దగ్గర ‘సెర్న్’ అనే పరిశోధన సంస్థలో అనేక దేశాల శాస్త్రజ్ఞులు పనిచేస్తారు. వారి సమాచారం ఒక్కొక్కటి ఒక్కో కంప్యూటరులో చిక్కుకుని ఉండేది. దానినంతా సాలెగూడులా ముడివేయవచ్చునని అక్కడి టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో ప్రతిపాదించాడు. 1990 చివరికి మొదటి వెబ్ సర్వరు పనిచేసింది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దానిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది.

అయితే జట్టు పెరిగేకొద్దీ చిక్కులూ పెరుగుతాయి. నలుగురున్న జట్టులో ఇద్దరిద్దరు మాట్లాడుకునే దారులు ఎన్ని? ఒక్కొక్కరు మిగతా ముగ్గురితో మాట్లాడాలి. 4 × 3 = 12. ఒక్కో దారిని రెండుసార్లు లెక్కపెట్టాం గనుక 2తో భాగిస్తే 6. జట్టు ఎనిమిదికి పెరిగితే 8 × 7 ÷ 2 = 28. మనుషులు రెట్టింపయ్యారు, దారులు నాలుగు రెట్లు దాటాయి! అందుకే నాయకుడు పెద్ద జట్టును చిన్న చిన్న జట్లుగా విడదీసి, ఎవరు ఎవరికి ఏమి అందించాలో స్పష్టంగా చెప్పాలి.

తరువాత సూర్యుడు అడ్డం వస్తాడు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నిర్ణయించారు. హైదరాబాదులో ఉదయం 9.30 అయినప్పుడు అమెరికాలోని కాలిఫోర్నియాలో చలికాలమైతే ముందురోజు రాత్రి 8 గంటలు. వీరు పనిలోకి వచ్చేసరికి వారు భోజనానికి లేస్తారు. కనుక నోటిమాట మీద పని నడవదు. అంతా రాసి ఉంచాలి. ఆ రాత చదివేవాడు పక్కన లేడు, “అంటే ఏమిటి?” అని వెంటనే అడగలేడు. అందుచేత సందేహానికి తావు లేకుండా రాయాలి.

లేకపోతే ఏమవుతుంది? 1998 డిసెంబరు 11న అమెరికా ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అనే నౌకను అంగారకుడి వైపు పంపింది. దానిని తయారుచేసిన జట్టు కొలరాడోలో ఉంది. దారి చూపే జట్టు కాలిఫోర్నియాలో ఉంది. నౌకలోని చిన్న రాకెట్ల ప్రభావాన్ని మొదటి జట్టు సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చింది. రెండో జట్టు దానిని న్యూటన్ల లెక్క అనుకుంది. ఒక పౌండు బలం 4.45 న్యూటన్లకు సమానం. తొమ్మిది నెలల ప్రయాణంలో ఈ చిన్న తేడా పేరుకుంటూ పోయింది. అంగారకుడికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తులో పోవలసిన నౌక 57 కిలోమీటర్ల దగ్గరకు దిగిపోయింది. 1999 సెప్టెంబరు 23న దాని సంకేతాలు ఆగిపోయాయి. లెక్క కుదరడం లేదన్న అనుమానం దారి చూపే జట్టులో ముందే కలిగింది. కాని దానిని పద్ధతి ప్రకారం నమోదు చేసి, తేలేదాకా వెంటపడలేదు. తెలివైనవారు లేక కాదు, ఇద్దరి మధ్య ఉన్న సందును ఎవరూ కాపలా కాయక నౌక పోయింది.

మా బడికీ ఇటువంటి అనుభవం ఉంది. పూర్వ విద్యార్థులు ముగ్గురు కలిసి బడికి ఒక వెబ్ పేజీ చేశారు. ఒకడు హైదరాబాదులో, ఒకడు అమెరికాలో, ఒకతె మా ఊళ్లోనే. పాత విద్యార్థుల సమావేశం తేదీని అమెరికా అబ్బాయి 08/09 అని పెట్టాడు. అక్కడ నెల ముందు రాస్తారు. అంటే ఆగస్టు 9. ఆ రోజు మేము షామియానా వేసి కూర్చుంటే సగం మంది రాలేదు. వారంతా సెప్టెంబరు 8 అనుకున్నారు! “నాకెందుకు తట్టలేదు మాస్టారూ” అని ఆ అబ్బాయి ఫోనులో బాధపడ్డాడు. తట్టకపోవడం నేరం కాదు నాయనా, ఊళ్లో ఉన్నవాళ్లకు ఒకసారి చూపించి ఉండాల్సింది అన్నాను. అప్పటినుంచి మా పేజీలో నెల పేరు అక్షరాలలోనే రాస్తున్నారు. ఏది పెట్టినా ముందు మరొకరు చదివి సరే అనాలి.

చూశారా! రెండు సంగతులకూ మూలం ఒక్కటే. వెబ్ పేజీ వాడేవారు తయారుచేసేవారికి కనిపించరు. దూరాన పనిచేసే సహచరుడూ కనిపించడు. కనిపించని మనిషిని మనసులో పెట్టుకుని పనిచేయడమే అసలు విద్య. మంచి నాయకుడు “ఎవరు తప్పు చేశారు?” అని మొదట అడగడు. “ఏ అమరిక వల్ల ఈ తప్పు సులువైంది?” అని అడుగుతాడు. తప్పు చెప్పినవాడిని కసిరితే మరుసటిసారి తప్పు దాక్కుంటుంది. దాక్కున్న తప్పు నౌకను ముంచుతుంది.

ఆ మర్నాడు తరగతిలో అందరి ముందూ ఆ అమ్మాయితో, “నిన్నటి తప్పు నీది కాదమ్మా, నేను కసరడం నాది” అని చెప్పాను. తరువాత ఆ పిల్లలంతా కలిసి ఆ రెండు బటన్లు ఎలా ఉండాలో కాగితం మీద బొమ్మ గీశారు. దానిని ఉత్తరంతో జతచేసి ఆ కార్యాలయానికి పంపాం. ఇంకా జవాబు రాలేదు. గీయడం నేర్చుకున్నాం, అది చాలు. రేపు ఈ పేజీలు తయారుచేసేది మీరే కదా!

మీరు చేయవలసినవి

1. మూడు కాగితాల ప్రయోగం చేసి, ఫలితాలను పట్టికగా రాయండి. వెడల్పు 2 సెం.మీ., దూరం 8 సెం.మీ. గల నాలుగో కాగితం మీద ఎన్ని చుక్కలు వస్తాయో ముందే ఊహించి, తరువాత చేసి చూడండి.

2. ఫోను అంకెల పలకనూ, కాలిక్యులేటరునూ పక్కపక్కన పెట్టండి. పై వరుసలో ఏయే అంకెలున్నాయి? బటన్ల ఫోను 1963లో అమెరికాలో వాడుకలోకి రాకముందు బెల్ పరిశోధనాలయంలో అనేక అమరికలను మనుషులచేత వాడించి చూశారు. మీ ఇంట్లో పెద్దలు దేనిమీద తక్కువ తప్పులతో పది అంకెలు నొక్కగలరో పరీక్షించండి.

3. మీ తరగతిలో 40 మంది ఉంటే ఇద్దరిద్దరు మాట్లాడుకునే దారులెన్ని? ఐదుగురు చొప్పున ఎనిమిది జట్లు చేసి, జట్టు నాయకులు మాత్రమే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే ఎన్ని? (జవాబులు: 780, జట్లలో 80, నాయకుల మధ్య 28, మొత్తం 108.)

4. మీ ఊళ్లో బస్టాండు, బ్యాంకు, ఆసుపత్రి లాంటి చోట ఎక్కువమంది ఒకే పొరపాటు చేసే స్థలం ఒకటి గుర్తించండి. అక్కడ ఏమి మారిస్తే ఆ పొరపాటు తగ్గుతుందో బొమ్మ గీసి మీ మాస్టారికి చూపండి.